శిక్షణకు డబ్బు తక్కువైనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి

(చిన్న పరిశ్రమల యజమానులు, సూపర్‌వైజర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది కనిపిస్తున్నారు. చాలామంది షిఫ్టు ఎవరికో అప్పగించి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

"మాది చిన్న యూనిట్ అండి, ట్రైనింగ్‌కు బడ్జెట్ ఎక్కడిది?" అనే మాట నాకు వెళ్ళిన చోటల్లా వినిపిస్తుంది. నిజమే, డబ్బు తక్కువే. కానీ ఆ ఉన్న కాస్తా ఎటు పోతోందో చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. హాలు అద్దె, ఫ్లెక్సీ, భోజనాలు, వచ్చిన వక్తకు శాలువా, అందరికీ ఫైలూ పెన్నూ, చివర్లో గ్రూప్ ఫొటో. మర్నాడు ప్రొడక్షన్ లైన్ మీద ఏం మారిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. నేర్పబోయే ముందు పని దగ్గర నిలబడి చూడండి. నేర్పాక కొన్నాళ్ళు వెంట ఉండి చూడండి. ఈ రెండూ చేస్తే మధ్యలో జరిగే క్లాసు ఎంత చిన్నదైనా పనిచేస్తుంది. ఈ రెండూ లేకపోతే ఎంత పెద్ద క్లాసు పెట్టినా దండగే.

మొదట చూడటం సంగతి. పచ్చళ్ళు, మసాలాలు ప్యాక్ చేసే ఒక యూనిట్ యజమాని నన్ను పిలిచారు. సీసాల్లోంచి నూనె కారుతోందని షాపుల నుంచి సరుకు తిరిగొస్తోంది. "మావాళ్ళకు క్వాలిటీ మీద శ్రద్ధ లేదు, ఒకరోజు క్లాసు తీసుకోండి" అన్నారు. క్లాసు తర్వాత చూద్దాం, ముందు ఒక పూట లైన్ దగ్గర నిలబడనివ్వండి అన్నాను. నింపే మెషిన్ నాజిల్ నుంచి ప్రతి సీసాకూ ఆఖర్న ఒక బొట్టు నూనె అంచు మీద పడుతోంది. అంచుకు నూనె ఉంటే మూతలోని అల్యూమినియం రేకు సీల్ పట్టదు. అందుకే అంచు తుడవడానికి ఒకమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది ఒక్కటే గుడ్డ. గంట తిరిగేసరికి ఆ గుడ్డే నూనెలో ముంచినట్టయింది. ఇంకా చెప్పాలంటే, తుడిచిన ప్రతిసారీ అంచుకు నూనె ఆమే రాస్తోంది. వేగంగా, శ్రద్ధగా, తలెత్తకుండా పనిచేస్తోంది. ఆమెకు శ్రద్ధ గురించి రోజంతా క్లాసు చెబితే అంతకంటే అన్యాయం ఉండదు.

అక్కడ కావలసింది నాజిల్ రిపేరు, అరగంటకో కొత్త గుడ్డ. నేర్పవలసింది చాలా కొద్ది: గుడ్డను ఎలా మడిచి పట్టుకోవాలి, ఏ మడత ఎప్పుడు తిప్పాలి, తుడిచాక అంచును వెలుతురుకు ఎలా పెట్టి చూడాలి. మెషిన్ పక్కనే పది నిమిషాల్లో అయిపోయే విషయం.

కాబట్టి ఏ తప్పు కనబడినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి ప్రాణం మీదికొస్తే ఈ పని సరిగ్గా చేయగలడా? చేయగలడంటే అతనికి పని వచ్చు. వచ్చిన పనిని మళ్ళీ నేర్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. అప్పుడు వేరే కారణం వెతకాలి. పనిముట్టు బాగాలేదా, వెలుతురు చాలడం లేదా, ఒక సూపర్‌వైజర్ ఒకలా ఇంకొకరు ఇంకోలా చెబుతున్నారా, సరిగ్గా చేస్తే టార్గెట్ అందక తిట్లు తింటున్నాడా? ప్రాణం మీదికొచ్చినా చేయలేడంటేనే అది శిక్షణతో తీరే సమస్య. ఈ ఒక్క ప్రశ్నతో మీ శిక్షణ ఖర్చులో చాలా భాగం అక్కడికక్కడే మిగులుతుంది. మిగిలిన డబ్బుతో నాజిల్ బాగుచేయించవచ్చు.

ఇప్పుడు నేర్పడం సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

1940లో యూరప్‌లో యుద్ధం జరుగుతోంది. అమెరికా ఫ్యాక్టరీలకు ఒక్కసారిగా ఆర్డర్లు వచ్చిపడ్డాయి. పని తెలిసినవాళ్ళు చాలరు. కొన్నాళ్ళకు వాళ్ళలోనూ చాలామంది సైన్యంలోకి వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్ళే ఎక్కువ. ఆ ఆర్డర్లు మొదలైనప్పుడే, ఆగస్టు 1940లో, అమెరికా ప్రభుత్వం ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే సేవ మొదలుపెట్టింది. పేరులోనే ఉంది, బయట స్కూళ్ళలో కాదు, పరిశ్రమ లోపలే. మొదట వాళ్ళకు ఎదురైన చిక్కుల్లో ఒకటి లెన్సులు అరగదీసే పనివాళ్ళ కొరత. ఆ పనివాడు తయారు కావడానికి ఏళ్ళు పడుతుందని అందరి నమ్మకం. వీళ్ళు వెళ్ళి ఆ పనివాడు రోజంతా ఏమేం చేస్తున్నాడో ముక్కలు ముక్కలుగా రాసుకున్నారు. అందులో చాలా ముక్కలకు ఆ గొప్ప నైపుణ్యం అక్కర్లేదని తేలింది. వాటిని వేరేవాళ్ళకు ఇచ్చి, నిజంగా చెయ్యి తిరగాల్సిన కొద్ది పనులనే క్రమంగా నేర్పారు. ఏళ్ళు పడుతుందన్నది నెలల్లోకి వచ్చింది.

ఆ నేర్పే పద్ధతి వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఓడలు కట్టే యార్డుల కోసం చార్లెస్ అలెన్ అనే ఆయన పెట్టిన నాలుగు అంచెల పద్ధతి అది. దాన్ని మెరుగుపరిచి సూపర్‌వైజర్లకు నేర్పారు. రోజుకు రెండు గంటలు, ఐదు రోజులు, మొత్తం పది గంటలు. చిన్న గుంపు. 1945లో ఆ సేవ ముగిసేనాటికి 16 లక్షల మందికి పైగా ఆ కోర్సులు పూర్తిచేశారు. యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్ళింది. 1950ల్లో టయోటా దాన్ని తీసుకుంది. ఇవాళ మనం టయోటా నుంచి నేర్చుకుంటున్నామని చెప్పుకునే చాలా సంగతుల కింద ఈ పది గంటల కోర్సు ఉంది.

వాళ్ళు క్లాసులో ఒక ముడి వేయించేవారు. అదే ఇప్పుడు వేయిద్దాం. మీలో ఒకరు రండి. కరెంటు పని తెలియనివారైతే మంచిది.

(సభలోంచి ఒక సూపర్‌వైజర్ వేదిక మీదకు వచ్చారు)

రండి సార్. ఇది రెండు పేటలు మెలివేసిన వైరు. బల్బు హోల్డరు లోపల ఈ వైరుకు ఒక ముడి వేస్తారు. హోల్డరు బరువంతా ఆ ముడి మీద పడుతుంది, లోపలి స్క్రూల మీద లాగుడు పడదు. ముందు నేను నోటితో చెబుతాను, మీరు చేయండి. మెలి విప్పండి. కుడి పేటతో ఒక ఉచ్చు వేసి అసలు వైరు ముందు నుంచి పోనివ్వండి. ఎడమ పేటను మీవైపు లాగి, మొదటి కొస కిందుగా, అసలు వైరు వెనక నుంచి తీసుకెళ్ళి ఉచ్చులోంచి దూర్చండి. బిగించండి.

(ముడి పడలేదు)

పర్లేదు, రాదు. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు, ఆయన వినడంలోనూ లోపం లేదు. సరే, ఇప్పుడు ఏమీ చెప్పను, మీకు ఎదురుగా నిలబడి చేసి చూపిస్తాను. ఇదిగో. ఇప్పుడు మీరు.

(మళ్ళీ పడలేదు)

ఎదురుగా నిలబడ్డాను కాబట్టి నా కుడి ఆయనకు ఎడమ. పైగా నా వేళ్ళు వేగంగా వెళ్ళిపోయాయి. మన ఫ్యాక్టరీల్లో కొత్తవాడికి నేర్పేది ఈ రెండు పద్ధతుల్లోనే. నోటితో చెప్పేసి వెళ్ళిపోతాం, లేదా "చూడు, ఇలా" అని చేసేసి వెళ్ళిపోతాం. సాయంత్రానికి "వీడికి బుర్ర లేదు" అంటాం.

ఇప్పుడు సరిగ్గా. సార్, మీరు నా పక్కకు రండి, ఇద్దరం ఒకే వైపు చూద్దాం. ఇంతకుముందు ఎక్కడైనా ముడి వేశారా? లారీ తాడుకా? మంచిది, అయితే ఉచ్చు అంటే మీకు తెలుసు. ఇందులో ఐదే అంచెలు. ఒకటి, మెలి విప్పి సాపు చేయడం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఆరంగుళాలు. తక్కువైతే కొస చాలదు. రెండు, కుడి ఉచ్చు. గుర్తుంచుకోవాల్సింది, అసలు వైరుకు ముందు నుంచి. మూడు, ఎడమ ఉచ్చు. ఇందులో మూడున్నాయి: మనవైపు, కొస కిందుగా, అసలు వైరు వెనకగా. నాలుగు, దూర్చడం. ఐదు, బిగించడం. కొసలు సమానంగా ఉండాలి. ఇంకోసారి చేస్తాను చూడండి. ఇప్పుడు మీరు మాట్లాడకుండా చేయండి. బాగుంది. ఇంకోసారి, ఈసారి అంచెలు పైకి చెబుతూ. ఇంకోసారి, ఏం గుర్తుంచుకోవాలో, ఎందుకో కూడా చెబుతూ.

(ముడి పడింది. చప్పట్లు)

థాంక్యూ సార్, కూర్చోండి. జరిగిందేమిటో చూశారు కదా. మొదట మనిషిని సిద్ధం చేశాం: బెరుకు పోగొట్టి, అతనికి ఇదివరకే ఏం తెలుసో అడిగి, సరైన చోట నిలబెట్టాం. తర్వాత చూపించాం. ఆ తర్వాత అతనితో చేయించాం, చేస్తూ చెప్పించాం. చేయగానే "వచ్చింది" అనుకుని వదిలేస్తారు చాలామంది. పైకి చెప్పించినప్పుడే అతను చూసి అనుకరిస్తున్నాడా, అర్థమై చేస్తున్నాడా అన్నది బయటపడుతుంది. నాలుగోది ఈ వేదిక మీద చూపించలేను. మనిషిని సొంతంగా పనిలో పెట్టాలి, అనుమానం వస్తే ఎవరిని అడగాలో పేరు పెట్టి చెప్పాలి, మొదటి రోజు గంటగంటకూ వెళ్ళి చూడాలి, క్రమంగా తగ్గించాలి. మన యూనిట్లలో పూర్తిగా ఎగిరిపోయేది ఈ నాలుగో అంచెనే. వాళ్ళు సూపర్‌వైజర్లకు ఇచ్చిన జేబు కార్డు మీద ఒక వాక్యం ఉండేది: పనివాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదు. ఆ వాక్యాన్ని నేను పూర్తిగా నమ్ముతాను.

దీనికి కావలసిన కాగితం ఒక్కటే. మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో అంచె, రెండో గడిలో కీలకమైన సంగతి, మూడో గడిలో అది ఎందుకు. ఏది కీలకమో తేల్చుకోవడం సులువే. తప్పితే పని చెడిపోయేది, తప్పితే దెబ్బ తగిలేది, తెలిస్తే పని తేలికయ్యేది. ఇంతే. మిగతాది రాయకండి. కాగితం నిండా రాస్తే ఎవరూ చదవరు. ఇది పనివాడికి ఇచ్చే కాగితం కూడా కాదు, నేర్పేవాడి కోసం. ఆఫీసులో కూర్చుని రాయకండి, మెషిన్ దగ్గర చేస్తున్నవాడిని చూస్తూ, అడుగుతూ రాయండి. మీ దగ్గర ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న ఆపరేటర్ మెషిన్ శబ్దం విని టూల్ అరిగిందని చెబుతాడు. ఆ శబ్దం ఎలా మారుతుందో అతన్ని అడిగి రెండో గడిలో రాయండి. అది ఏ కాలేజీలోనూ దొరకదు.

నేర్పేది ఎవరు? బయటి మనిషి అక్కర్లేదు, మీ దగ్గరే ఉన్నాడు. కానీ అందరికంటే బాగా చేసేవాడు అందరికంటే బాగా నేర్పుతాడని లేదు. ఓపికగా మాట్లాడేవాడిని, కొత్తవాళ్ళు భయం లేకుండా అడిగేవాడిని చూసుకోండి. ఇంకో మాట, సీనియర్ల మనసులో ఒక భయం ఉంటుంది: "నాకు తెలిసింది వీడికి చెప్పేస్తే నన్నెవరు అడుగుతారు?" అది తప్పు కాదు. ఇరవై ఏళ్ళు కష్టపడి నేర్చుకున్నదే అతని ఆస్తి. కాబట్టి నేర్పడానికి డబ్బు ఇవ్వండి. నెలకు వెయ్యి రూపాయలైనా, జీతం స్లిప్పులో వేరే లైనుగా. నేర్పే గంటల్లో అతని టార్గెట్ తగ్గించండి. టార్గెట్ తగ్గించకుండా నేర్పమంటే ఎవరూ నేర్పరు, నేర్పలేరు కూడా.

భాష సంగతి. మన ఎస్టేట్లలో బీహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళకు తెలుగులో, ఇంగ్లీషులో పోస్టర్లు అంటించి శిక్షణ అయిపోయిందనుకోవద్దు. మంచి పీసు ఒకటి, చెడిన పీసులు నాలుగు ఒక బోర్డు మీద బిగించి మెషిన్ పక్కన పెట్టండి. ఏది వెళ్ళాలో ఏది ఆగాలో చేత్తో తడిమి తెలుసుకుంటారు. అంతకంటే చవకైన పాఠం లేదు. వాళ్ళలోనే ఒక పాత మనిషిచేత ఒడియాలోనో హిందీలోనో నిమిషం వీడియో చేయించి వాట్సాప్‌లో పెట్టండి. ఒక వీడియోకు ఒకటే సంగతి. యజమాని ఉపన్యాసం వద్దు, చేతులు కనబడాలి.

మతిమరుపు గురించి కొంచెం. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాల ఫలితాలు ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల వరుసలు కంఠతా పట్టి, కొంతకాలం తర్వాత ఎంత మిగిలిందో కొలిచాడు. ఒక్కరోజు గడిచేసరికి సుమారు మూడింట రెండొంతులు పోయింది. పని అర్థవంతమైనది కాబట్టి అంత ఘోరంగా పోదు, అయినా పోతుంది. అందుకే ఎనిమిది గంటల క్లాసు ఒకేరోజు పెట్టడం కంటే ఇరవై నిమిషాల చొప్పున కొన్ని వారాలు పెట్టడం మేలు. పైగా లైన్ ఆగదు. రెండోసారి కలిసినప్పుడు మళ్ళీ చెప్పకండి, అడగండి. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో విద్యార్థుల మీద చూపించారు: పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. షిఫ్టు మొదట్లో నిలబడి, "వెర్నియర్ తీసుకోగానే ముందు ఏం చూడాలి?" అని అడగండి. ఆ కొలత పరికరం దవడలు మూసి జీరో కలిసిందో లేదో చూడాలని వాళ్ళే చెప్పాలి. ఇది రెండు నిమిషాల పని.

ఫలితం కొలవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్లు వద్దు. "క్లాసు ఎలా ఉంది?" అని ఫారాలు నింపించడం వల్ల భోజనం బాగుందో లేదో తెలుస్తుంది, అంతే. రిజెక్షన్ (పనికిరాదని పక్కన పెట్టింది) ఎంత, రీవర్క్ (మళ్ళీ చేయాల్సి వచ్చింది) ఎంత, కొత్తవాడు ఎన్ని రోజులకు సొంతంగా మెషిన్ నడిపాడు అన్నవి మీ రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి. అయితే శిక్షణ తర్వాత అంకె మారితే అది శిక్షణ వల్లేనా, మెటీరియల్ మారినందుకా? దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కోర్సు పెట్టింది. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న నిమ్స్‌మే అదే సంస్థ. కోర్సు అయ్యాక వాళ్ళు మెచ్చుకున్నారా లేదా అని చూసి ఊరుకోలేదు. తర్వాతి కాలంలో వాళ్ళు పెట్టుబడి పెట్టారా, కొత్త ఉద్యోగాలిచ్చారా అని వెతికి, శిక్షణ తీసుకోనివాళ్ళతో పోల్చారు. మీరూ చేయవచ్చు. ముందు ఒక షిఫ్టుకే నేర్పండి. రెండో షిఫ్టుకు నెల తర్వాత. ఆ నెలలో రెండు షిఫ్టుల రిజెక్షన్ పక్కపక్కన రాయండి. పైసా ఖర్చు లేదు, జవాబు మాత్రం నిజమైనది.

డబ్బు లెక్క కూడా చెబుతాను. ఊహకు ఏడాదికి పాతిక వేలు ఉన్నాయనుకుందాం. నేర్పే ఇద్దరికి ఆరు నెలలు నెలకు వెయ్యి చొప్పున 12,000. శాంపిల్ బోర్డులు, లామినేషన్లకు 3,000. ఫోన్ స్టాండు, చిన్న మైకు 2,000. మిగిలిన 8,000 ముట్టుకోకండి. పని దగ్గర నిలబడి చూసినప్పుడు గుడ్డలు, లైట్లు, పీసును కదలకుండా పట్టే ఫిక్స్చర్లు అంటూ బయటపడేవాటికి అవి కావాలి. హాలుకు సున్నా. ఇందులో కనబడని ఖర్చు మనుషుల సమయం. రోజుకు ఆరువందల కూలి ఉన్న ఇరవైమందిని సగం పూట కూర్చోబెడితే ఆరు వేలు అక్కడే అయిపోతాయి. అందుకే అవసరం లేనివాళ్ళను కూర్చోబెట్టకండి. కానీ ఆ ఖర్చు తప్పించుకోవడానికి సెలవురోజు జీతం లేకుండా రమ్మనకండి. అలా వచ్చినవాడి మనసు ఇంటి దగ్గరే ఉంటుంది, అది న్యాయం కూడా కాదు.

మీ దగ్గర చేయలేనివి కొన్ని ఉంటాయి. డై (అచ్చు) తయారీ, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ప్రోగ్రామింగ్ లాంటివాటికి బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఒక్కరిని పంపండి, వచ్చాక అతను ఇద్దరికి నేర్పాలని ముందే మాట్లాడుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద మనుషులను తీసుకుంటే స్టైపెండ్‌లో కొంత భాగం కేంద్రం భరించే పథకం 2016 నుంచి నడుస్తోంది. కానీ అప్రెంటిస్ అంటే చవకగా దొరికే హెల్పర్ అనుకుని తీసుకోవద్దు. ఏడాదంతా ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు మడిపించి పంపిన పిల్లలను చూశాను. వాళ్ళ చదువు, ఒక ఏడాది వయసు, రెండూ పోయాయి.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఇంత కష్టపడి నేర్పితే పక్క యూనిట్‌వాడు రెండు వేలు ఎక్కువిచ్చి లాక్కుపోతాడు కదండీ?)

లాక్కుపోతాడు, కొంతమంది వెళ్తారు. అది మీ చేతుల్లో పూర్తిగా లేదు. కానీ మీ హాజరు రిజిస్టర్ ఒకసారి తిరగేయండి. మానేసినవాళ్ళలో పని బాగా నేర్చుకున్నాక వెళ్ళినవాళ్ళెంతమంది, మొదటి నెలలోనే వెళ్ళిపోయినవాళ్ళెంతమంది లెక్కపెట్టండి. నేను చూసిన చోట్ల రెండోవాళ్ళే ఎక్కువ. పని ఎవరూ చెప్పలేదు, తప్పు జరిగితే అందరిముందూ తిట్టారు, పదిహేనో రోజున బ్యాగు సర్దుకున్నాడు. అతన్ని రెండు వేలు లాక్కుపోలేదు. ఇక నిజంగా నేర్చుకుని వెళ్ళేవాడి విషయం. అతను మీ దగ్గర ఉన్నప్పుడే ఆ మూడు గడుల కాగితం అతనితో కూర్చుని రాసుకుని ఉంటే, తర్వాతి మనిషిని నిలబెట్టడానికి మీకు ఆరు నెలలు పట్టదు. వచ్చే సోమవారం మీ దగ్గర అందరికంటే పాత ఆపరేటర్ ఎవరో చూసుకుని, అతను చేసే ఒక్క పనితో మొదలుపెట్టండి. ఆ పూట అతని టార్గెట్ సగం చేయండి.